గాజు గొట్టంలో గాలి, ల్యాప్‌టాప్‌లో గాలి

మీ ఇంట్లో పాత ట్యూబ్‌లైట్ ఇంకా ఉంటే ఈ రాత్రి ఓ పని చేయండి. స్విచ్ వేసినప్పుడు ట్యూబ్‌ని చూడకుండా పక్కన గుచ్చి ఉండే స్టార్టర్‌ని చూడండి. ఆ చిన్న డబ్బాలో ఓ గాజు బుడ్డి, అందులో కాస్త వాయువు, రెండు లోహపు రేకులు ఉంటాయి. టిక్ టిక్ మంటూ లోపల మినుకు మినుకుమనేదాన్నే గ్లో డిశ్చార్జ్ అంటారు. ఆ వేడికి ఒక రేకు వంగి రెండోదాన్ని తాకుతుంది, ట్యూబ్ ఫిలమెంట్లకి కరెంటు పోతుంది, తర్వాత ట్యూబ్ వెలుగుతుంది. నేనైతే ఇన్నేళ్ళూ "స్టార్టర్ పోయింది, కొత్తది తేవాలి" అనడం తప్ప దాని గురించి ఇంకేమీ ఆలోచించలేదు.

ఈ సెమిస్టర్ మినీ ప్రాజెక్టుకి మా బ్రాంచిలో సగం మంది ఫేస్ చూసి అటెండెన్స్ వేసే యాప్ చేస్తున్నారు, మిగతా సగం చాట్‌బాట్. నాకూ మా టీమ్‌మేట్‌కీ రెండూ దక్కలేదు, టాపిక్కులు అయిపోయాయి. ఫిజిక్స్ మేడమ్ "కోడ్ రాసేవాళ్ళు ఇద్దరు కావాలి, ల్యాబ్‌లో ట్యూబ్ ఉంది, దాన్ని కంప్యూటర్లో వెలిగించాలి" అన్నారు. వెళ్ళాం. ఆ మూడు నెలల్లో నేర్చుకున్నది మీకూ చెప్పమని మన క్లబ్ అక్క అడిగింది. నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే, కాబట్టి మాటలు కలిసిపోతే సర్దుకోండి. డిశ్చార్జ్ ట్యూబ్‌ని తెలుగు మీడియం పుస్తకాల్లో ఉత్సర్గ నాళం అంటారని హాస్టల్లో మా రూమ్మేట్ చెప్పాడు. మాట బావుంది గానీ మా ల్యాబ్‌లో ఎవరూ అలా అనరు, నేనూ ట్యూబ్ అనే రాస్తా.

ముందు ట్యూబ్ సంగతి. మూరెడు గాజు గొట్టం, రెండు చివర్లా గుండ్రటి అల్యూమినియం పలకలు. మైనస్‌కి కలిపింది కాథోడ్, ప్లస్‌కి కలిపింది ఆనోడ్. ఆనోడ్ రాడ్‌ని ముందుకీ వెనక్కీ జరపొచ్చు. గాలిని లాగేయడానికి ఒక రోటరీ పంపు, అది మొదలైతే పక్క క్లాసులో లెక్చర్ వినపడదు. బయటి గాలి పీడనం 760 టార్ అనుకుంటే, మేం దాన్ని 1 టార్ దాకా దించేవాళ్ళం. ఖాళీ అయిపోయిందనుకోకండి. అప్పటికీ ఘన సెంటీమీటరుకి సుమారు 320 కోటి కోట్ల అణువులు మిగులుతాయి. ఓల్టేజీని నాబ్ తిప్పుతూ మెల్లగా పెంచుతాం. 100, 200, 300... ఏమీ ఉండదు. ఉన్నట్టుండి ఒక అంకె దగ్గర గొట్టం భళ్ళున వెలుగుతుంది. దీన్నే బ్రేక్‌డౌన్ అంటారు. (సిరీస్‌లో పెద్ద రెసిస్టర్ లేకుండా, ల్యాబ్‌లో పెద్దవాళ్ళు లేకుండా ఇది చేయకూడదు. చెప్తున్నా.)

పలకల మధ్య 2 సెంటీమీటర్లు పెట్టి వెలిగించి, తర్వాత ఆనోడ్‌ని వెనక్కి జరుపుకుంటూ పోతే ఒక తమాషా కనిపిస్తుంది. కాథోడ్‌కి అతుక్కుని ఓ చీకటి పొర, దాని ముందు నీలంగా మెరిసే ముద్ద, మళ్ళీ ఓ చీకటి. ఆ తర్వాత ఆనోడ్ దాకా పొడుగ్గా గులాబీ రంగు స్తంభం. ఆ రెండో చీకటిని 1838లో గమనించింది మైకేల్ ఫారడే, అందుకే దానికి ఫారడే డార్క్ స్పేస్ అని పేరు. ఆనోడ్ జరిపినప్పుడు గులాబీ స్తంభం ఒక్కటే సాగుతుంది, కుంచించుకుంటుంది. కాథోడ్ పక్కనున్న నీలం, చీకటి ఇంచు కూడా కదలవు. దగ్గరికి తెస్తే స్తంభం మొత్తం మాయమైపోతుంది, అయినా డిశ్చార్జ్ ఆగదు. అంటే అసలు ఇంజిన్ కాథోడ్ దగ్గరే ఉంది. గులాబీ భాగం ఒట్టి వైరు లాంటిది. కాథోడ్ దగ్గర ఏం జరుగుతోందో లెక్క కట్టగలిగితే మా ప్రాజెక్టు అయినట్టే.

ఒకటి 200 అవ్వాలి

మన సీఎస్ఈ వాళ్ళకి ఇది రికర్షన్‌లా చెప్తా. కాథోడ్ దగ్గర ఒక ఎలక్ట్రాన్ ఉందనుకోండి. ఫీల్డ్ దాన్ని ఆనోడ్ వైపు లాగుతుంది. దారిలో అణువుల్ని గుద్దుతుంది. తగినంత జోరులో ఉంటే అణువులోంచి ఇంకో ఎలక్ట్రాన్‌ని రాల్చేస్తుంది. ఇప్పుడు రెండు, తర్వాత నాలుగు. ఒక సెంటీమీటరు ప్రయాణంలో ఒక ఎలక్ట్రాన్ ఎన్నిసార్లు ఇలా చేస్తుందో ఆ అంకె పేరు ఆల్ఫా. ఎలక్ట్రాన్ పోయిన అణువు ప్లస్ అయాన్ అవుతుంది. అది బరువైంది, నిదానంగా కాథోడ్ వైపు నడిచొచ్చి పలకని గుద్దుతుంది. అలా గుద్దిన ప్రతిసారీ పలకలోంచి ఎలక్ట్రాన్ రావడానికి ఉండే అవకాశం పేరు గామా. వందకి ఒకటి, రెండొందలకి ఒకటి, అంతే వస్తాయి.

ఒక ఎలక్ట్రాన్ వల్ల పుట్టిన అయాన్లన్నీ కలిసి కాథోడ్ నుంచి కనీసం ఒక కొత్త ఎలక్ట్రాన్‌ని బయటికి తేగలిగితే గొట్టం దానంతటదే వెలుగుతూ ఉంటుంది. తేలేకపోతే ఆరిపోతుంది. ఈ లెక్క టౌన్సెండ్‌ది. పీడనాన్నీ దూరాన్నీ గుణిస్తే వచ్చే ఒక్క అంకె మీదే బ్రేక్‌డౌన్ ఓల్టేజీ ఆధారపడుతుందని అంతకు ముందే, 1889లో, పాషెన్ ప్రయోగాలు చేసి చూపించాడు. రెండూ కలిపితే వచ్చే ఫార్ములా ఇది:

వి = బి × పీడీ ÷ [లాగ్(ఎ × పీడీ) − లాగ్(లాగ్(1 + 1/గామా))]

పీ అంటే టార్‌లలో పీడనం, డీ సెంటీమీటర్లలో దూరం, లాగ్ అంటే సహజ లాగరిథమ్. గాలికి ఎ = 15, బి = 365. మా ట్యూబ్‌లో 1 టార్, 2 సెంటీమీటర్లు, అంటే పీడీ 2. గామా 0.005 అనుకోండి. పైన 730 వస్తుంది. కింద 3.401లోంచి 1.668 తీసేస్తే 1.733. భాగిస్తే 421 ఓల్టులు.

ఇప్పుడు దీన్ని రెండో దారిలో సరిచూద్దాం. 421 ఓల్టులు 2 సెంటీమీటర్ల మీద అంటే సెంటీమీటరుకి 210. ఆ ఫీల్డ్‌కి ఆల్ఫా సుమారు 2.65. రెండు సెంటీమీటర్లలో 5.3. ఘాతీయంగా పెరుగుతుంది కాబట్టి ఒక ఎలక్ట్రాన్ ఆనోడ్ చేరేసరికి దాదాపు 200 అవుతుంది. 200 అయాన్లు వెనక్కొచ్చి గుద్దితే, 200 ఇంటూ 0.005, సరిగ్గా ఒకటి. ఈ లెక్క మొదటిసారి కలిసినప్పుడు నేను బెంచీ మీద చరిచా, లైబ్రరీ సార్ చూశారు.

ఇంకో మెలిక ఉంది. సెంటీమీటరుకి 210 ఓల్టులు, 2.65 అయొనైజేషన్లు అంటే ఒక్కో అయొనైజేషన్‌కి దాదాపు 79 ఎలక్ట్రాన్ ఓల్టుల ఖర్చు. కానీ నైట్రోజన్ నుంచి ఎలక్ట్రాన్‌ని లాగడానికి కావాల్సింది 15.6, ఆక్సిజన్‌కి సుమారు 12. మరి మిగతాదంతా ఎటు పోయింది? ఈ ప్రశ్నే నా మొదటి బగ్.

టోల్‌గేట్

నేను మొదట రాసింది మాంటీ కార్లో కోడ్. ఐడియా చాలా సింపుల్. ఒక ఎలక్ట్రాన్‌ని తీసుకో, ఫీల్డ్‌లో నడిపించు. తర్వాతి గుద్దుడు ఎప్పుడో ర్యాండమ్ నంబర్‌తో తేల్చు. గుద్దినప్పుడు ఏమైందో, ఊరికే పక్కకి తిరిగిందా, అణువుని కదిలించిందా, ఎలక్ట్రాన్‌ని రాల్చిందా, ఇంకో ర్యాండమ్ నంబర్‌తో తేల్చు. ఏ స్పీడుకి ఏది ఎంత అవకాశమో చెప్పే పట్టికలు ఎల్ఎక్స్‌క్యాట్ అనే సైట్లో ఉచితంగా దొరుకుతాయి. స్పీడు మారినకొద్దీ గుద్దుకునే రేటు మారుతుంది, అదో తలనొప్పి. దానికో ట్రిక్ ఉంది. అన్ని స్పీడ్లలోకీ గరిష్ఠమైన రేటు తీసుకుని దాంతోనే టైమ్ తేల్చేసి, తర్వాత కొన్ని గుద్దుళ్ళని "ఇది ఉత్తుత్తిదే" అని వదిలేయాలి. నల్ కొలిజన్ అంటారు. మన రిజెక్షన్ శాంప్లింగే, పేరు మార్చుకుంది.

కోడ్ తొందరగా అయిపోవాలని నేను రెండు రకాల గుద్దుళ్ళే పెట్టా. ఎలాస్టిక్, అయొనైజేషన్. రన్ చేస్తే ఆల్ఫా ఉండాల్సిన దానికి కొన్ని రెట్లు ఎక్కువొచ్చింది. ఎలాస్టిక్ గుద్దుడులో ఎలక్ట్రాన్ ఏమీ పోగొట్టుకోదు. గోళీని రోడ్డు రోలర్‌కేసి కొట్టినట్టే. నైట్రోజన్ అణువుతో అయితే శక్తిలో పాతికవేల వంతు పోతే ఎక్కువ. అందుకే గ్లో డిశ్చార్జ్‌లో ఎలక్ట్రాన్లు పదివేల డిగ్రీల పైన ఉంటాయి, గాజు మాత్రం చేత్తో పట్టుకునేంత వేడే ఉంటుంది. (ఒక ఎలక్ట్రాన్ ఓల్ట్ అంటే 11,600 కెల్విన్.) నా కోడ్‌లోని ఎలక్ట్రాన్లకి ఖర్చే లేదు కాబట్టి సంపాదించిందంతా దాచుకుని 15.6 దాకా నేరుగా ఎక్కేశాయి.

నిజం గాలిలో మధ్యలో టోల్‌గేట్ ఉంది. 2, 3 ఎలక్ట్రాన్ ఓల్టుల దగ్గర నైట్రోజన్ అణువు ఎలక్ట్రాన్‌ని ఒక్క క్షణం పట్టుకుని వదిలేస్తుంది. వదిలేటప్పుడు అణువు స్ప్రింగులా ఊగడం మొదలెడుతుంది. ఆ ఊగుడికి ఒక్కో మెట్టు 0.29 ఎలక్ట్రాన్ ఓల్ట్, అదంతా మన ఎలక్ట్రాన్ జేబులోంచే. ఫాస్టాగ్‌లా తెలీకుండా కట్ అవుతూనే ఉంటుంది. టోల్‌గేట్ దాటినవి కూడా కొన్ని అణువుల్ని వెలిగించడానికి, కొన్ని ఆక్సిజన్‌ని విడగొట్టడానికి ఖర్చయిపోతాయి. ఇవన్నీ కోడ్‌లో పెట్టాక ఆల్ఫా దిగొచ్చింది, 79 ఎందుకో అర్థమైంది. ఆర్గాన్‌తో మోడల్ చేసిన పేపర్లు అన్నేసి, గాలితో చేసినవి అంత తక్కువ ఎందుకో కూడా అప్పుడే అర్థమైంది. ఆర్గాన్ ఒంటరి అణువు, దానికి ఊగే గొడవ లేదు.

గాలికి ఆ ఖర్చు ఎంత తగ్గించినా 66 కంటే తగ్గదు. ఫీల్డ్ మరీ తక్కువైతే డబ్బంతా టోల్‌కే పోతుంది. మరీ ఎక్కువైతే ఎలక్ట్రాన్ అణువుల పక్కనుంచి దూసుకుపోయి అయొనైజ్ చేసే అవకాశమే తగ్గుతుంది. అందుకే పాషెన్ గ్రాఫ్‌కి అడుగు ఉంటుంది. గామా 0.01 అయితే ఆ అడుగు 305 ఓల్టులు, 66 ఇంటూ 4.6. కొలిచిన విలువ 330కి దగ్గర్లో ఉంటుంది. ఫార్ములాని మామూలు గాలికి, 760 టార్‌కి, 1 సెంటీమీటరుకి వాడితే 35,500 ఓల్టులు వస్తుంది, నిజంగా అయితే 30 వేల చిల్లరే. తేడా ఎందుకంటే 15, 365 అనే అంకెలు ఫీల్డ్‌ని పీడనంతో భాగిస్తే 100 నుంచి 800 మధ్య వచ్చే చోట కుదిర్చినవి. ఇక్కడ ఆ విలువ 50 కూడా లేదు. పైగా అంత తక్కువలో ఆక్సిజన్ ఎలక్ట్రాన్లని పట్టేసుకుని నెగెటివ్ అయాన్ అయిపోతుంది, ఆ సంగతి ఈ ఫార్ములాకి తెలీదు.

ఘాట్ దిగిన లారీ

ఇప్పటిదాకా చెప్పింది వెలిగే క్షణం గురించి. వెలిగాక కథ మారుతుంది. ఎలక్ట్రాన్లు గబగబా ఆనోడ్‌కి వెళ్ళిపోతాయి, అయాన్లు నత్తనడకన కాథోడ్ దగ్గర పోగుపడతాయి. ఆ ప్లస్ చార్జి ఫీల్డ్‌నే వంచేస్తుంది. దాదాపు ఓల్టేజీ అంతా కాథోడ్ ముందున్న సన్నటి పొరలోకి చేరిపోతుంది. దాని పేరు కాథోడ్ ఫాల్. గాలిలో అల్యూమినియం కాథోడ్‌కి ఇది 229 ఓల్టులు, 1 టార్ దగ్గర ఆ పొర మందం 2.5 మిల్లీమీటర్లు. ఇనుముకి 269, రాగికి 370. అదే గాలి, లోహం మారితే చాలు 141 ఓల్టుల తేడా. ఈ పట్టిక నేను మొదటి వారంలోనే నోట్స్‌లో రాసుకున్నా. గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

దీన్ని కోడ్ చేయడానికి రెండు దారులు. ఎలక్ట్రాన్లని నీళ్ళలాగా ఒక ప్రవాహం అనుకుని సమీకరణాలు రాయడం ఒకటి. వేగంగా అవుతుంది. 1969లో షార్ఫెటర్, గుమ్మెల్ సెమీకండక్టర్ల కోసం కనిపెట్టిన పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. కానీ ఈ పద్ధతిలో సులువైన రకం ఏమంటుందంటే, ఫీల్డ్ ఎక్కడ ఎక్కువో అయొనైజేషన్ అక్కడే ఎక్కువ. మరి మన నీలం ముద్ద? అక్కడ ఫీల్డ్ దాదాపు సున్నా. అయినా గొట్టం మొత్తంలో అంత మెరిసే చోటు ఇంకోటి లేదు.

ఘాట్ రోడ్డు దిగిన లారీని తలుచుకోండి. వాలు అయిపోయి చదును రోడ్డు వచ్చినా కొంత దూరం అదే జోరులో దూసుకుపోతుంది. కాథోడ్ ఫాల్‌లో రెండొందల ఓల్టుల వాలు దిగిన ఎలక్ట్రాన్లలో కొన్ని అలాగే నీలం ముద్దలోకి వచ్చి పడతాయి. అంత జోరు ఉంటుంది కాబట్టే నైట్రోజన్ అణువుని ఒక్క దెబ్బకి అయాన్ చేసి, పైగా వెలిగించగలవు కూడా. ఆ అయాన్ వెలుగు 391.4 నానోమీటర్ల దగ్గర, ఊదా అంచున ఉంటుంది. దూరంగా ఉన్న స్తంభంలో ఎలక్ట్రాన్లకి అంత జోరుండదు, అక్కడ మామూలు నైట్రోజన్ అణువే ఎరుపు, పసుపు పట్టీల్లో వెలుగుతుంది. అందుకే గులాబీ. ఎలక్ట్రాన్ ఎక్కడుందో తెలిస్తే చాలదు, ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలియాలి. అందుకే మేం రెండో దారి పట్టాం.

రెండో దారిలో ఒక్కో కణాన్నీ నడపాలి. మా ట్యూబ్‌లో ఘన సెంటీమీటరుకి వెయ్యి కోట్ల ఎలక్ట్రాన్లు అనుకున్నా, మొత్తం 20,000 కోట్లు. అన్నిటినీ నడపలేం. లక్ష కణాలు పెట్టి, ఒక్కోటీ 20 లక్షల ఎలక్ట్రాన్లకి ప్రతినిధి అన్నాం. ఎమ్మెల్యేలు అనుకోండి. తర్వాత లూప్. కణాల్ని కాస్త జరుపు. గుద్దుళ్ళు తేల్చు. ఏ గడిలో ఎంత చార్జి ఉందో లెక్కపెట్టు. ఆ చార్జి నుంచి పాయిజాన్ సమీకరణంతో కొత్త ఫీల్డ్ తెచ్చుకో. ఒకే దిశ కాబట్టి పాయిజాన్ ఒట్టి ట్రైడయాగనల్ మ్యాట్రిక్స్, ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి వస్తే అయిపోతుంది. మళ్ళీ మొదటికి రా.

ఇక్కడ నా రెండో బగ్. 2 సెంటీమీటర్లని 50 గడులు చేశా. ఒక్కో గడి 0.4 మిల్లీమీటర్లు. గ్రాఫ్ బానే ఉంది గానీ ఎలక్ట్రాన్లు అలా వేడెక్కుతూనే ఉన్నాయి. అనుమానం వచ్చి ఓల్టేజీ సున్నా చేశా. అయినా వేడెక్కుతున్నాయి! కరెంటు లేకుండా ఎనర్జీ, ఉచిత విద్యుత్ పథకం. రెండు రాత్రులు పట్టింది కారణం దొరకడానికి. ప్లాస్మాలో ఒక చార్జి ప్రభావం ఎంత దూరం కనిపిస్తుందో చెప్పే డెబై పొడవు అని ఒకటుంది. మా అంకెలకి అది 0.07 మిల్లీమీటర్లు. గడి అంతకంటే బాగా పెద్దదైతే కోడే ఎలక్ట్రాన్లకి దొంగ శక్తి ఇస్తుంది. 400 గడులు పెట్టాక ఆ వేడి ఆగింది.

గడి చిన్నదైతే టైమ్ స్టెప్పూ చిన్నదవ్వాలి. మాది 5 పికోసెకన్లు. అయాన్లు స్థిరపడడానికి ఎన్నో మైక్రోసెకన్లు కావాలి. 50 మైక్రోసెకన్లు అంటే కోటి స్టెప్పులు. ఒక్కో స్టెప్పులో లక్ష కణాలు. మొత్తం లక్ష కోట్లు, రాష్ట్ర బడ్జెట్ భాషలో అన్నమాట. పైథాన్‌లో మామూలు లూప్‌తో ఇది మన డిగ్రీ అయ్యేలోపు అవ్వదు. నంపై అర్రేలతో సెకనుకి కోటి కణాలు జరిపినా లక్ష సెకన్లు, దాదాపు 28 గంటలు. హాస్టల్లో కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచి. అందుకే ప్రతి గంటకీ ఫైల్లో సేవ్ చేయడం నేర్చుకున్నా. ఇది ఏ లెక్చర్‌లోనూ చెప్పలేదు.

మూడో రోజు తెల్లారి లేచి చూస్తే స్క్రీన్ మీద గ్రాఫ్ వచ్చింది. కాథోడ్ పక్కన నిలువుగా పడిపోయిన ఓల్టేజీ, దాని ముందు అయొనైజేషన్ గుట్ట. చీకటి పొర ఎక్కడుండాలో నేను కోడ్‌లో ఎక్కడా రాయలేదు. అదే వచ్చింది. టీమ్‌మేట్‌ని నిద్రలేపి చూపించా. వాడు ఒక కన్ను తెరిచి "రివ్యూకి ఓల్టేజీ మ్యాచ్ అవుతోందా లేదా అది చెప్పు" అన్నాడు.

గామా

అవ్వలేదు. మాకు ట్యూబ్ నుంచి మూడు రీడింగులు ఉన్నాయి. 2 సెంటీమీటర్ల దూరం పెట్టి 0.3 టార్ దగ్గర 365 ఓల్టులు, 1 టార్ దగ్గర 420, 3 టార్ దగ్గర 800. కోడ్‌లో గామా 0.01 పెట్టుకున్నాం, అందరూ పెట్టుకునే అంకె. దానికి 1 టార్ దగ్గర 390 వచ్చింది. (ఇక్కడ ఫార్ములా లెక్కలే ఇస్తున్నా, మీరూ కాలిక్యులేటర్ మీద చూసుకోవచ్చని. మా కోడ్‌వీ ఇంచుమించు ఇవే.) గామా తగ్గించుకుంటూ పోయాం. 0.008, 0.006, 0.005. 421! ఒక్క ఓల్టు తేడా. అదే గామాతో మిగతా రెండూ చూస్తే 0.3 టార్ దగ్గర 414 వస్తోంది, 3 టార్ దగ్గర 773. ఒకచోట 49 ఎక్కువ, ఇంకోచోట 27 తక్కువ.

రివ్యూ మర్నాడే. స్లైడ్ మీద ఒక్క పాయింటే పెట్టాం. "ప్రయోగం 420, మోడల్ 421." ఆ గామా ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ప్యానెల్లో ఒక సార్ చప్పట్లు కొట్టారు. ఇరవైకి ఇరవై.

తర్వాతి వారం ల్యాబ్ టెక్నీషియన్ సార్ ఇంకో బ్యాచ్ కోసం ట్యూబ్ విప్పి, కాథోడ్ పలకని ఎమెరీ పేపర్‌తో రుద్ది, తుడిచి పెట్టారు. నేను వేరే పని మీద అక్కడే ఉన్నా. "పలక నల్లబడింది బాబూ, పంపు నూనె అంతా దీని మీదే" అన్నారు. అదే 1 టార్, అదే 2 సెంటీమీటర్లు. 390 దగ్గర వెలిగింది.

మోడల్‌లో గాలి మారలేదు, ఫీల్డ్ మారలేదు. 421 రావాలి. 390 రావాలంటే గామా 0.01 అవ్వాలి, అంటే సరిగ్గా రెట్టింపు. గామా రెట్టింపైనా ఓల్టేజీ 31 మాత్రమే మారిందంటే, తిప్పి చూస్తే, ఏ ఓల్టేజీ కావాలన్నా గామాని కాస్త తిప్పి తెచ్చుకోవచ్చు. లాగ్ లోపల లాగ్‌లో కూర్చుంది కదా అది. మేం ఒక్క ఓల్టు తేడాతో పట్టుకున్నామని చెప్పింది ఆ రోజు పలక మీదున్న మడ్డిని. లోహం మారితే 141 ఓల్టులు మారుతుందని నా నోట్స్‌లో నేనే రాసుకున్నా. పలక పైపొర ఎలా ఉందన్నదే గామా అని ఆ పట్టికే చెప్తోంది.

టీమ్‌మేట్‌కి చెప్తే "మార్కులు పడ్డాయిగా, ఇప్పుడు కెలక్కు" అన్నాడు. వాడి బాధ వాడిది. వాడికి ఒక సబ్జెక్టు బ్యాక్‌లాగ్ ఉంది, ప్లేస్‌మెంట్ కటాఫ్‌కి పాయింట్ల దూరంలో ఉన్నాడు. నాలుగు మార్కులు నాకు నాలుగు మార్కులే, వాడికి అలా కాదు. అందుకే రెండు రోజులు ఊరుకున్నా. మూడో రోజు 3 టార్ రీడింగు మళ్ళీ చూశా. మూడు రీడింగులకీ విడివిడిగా గామా ఎంత కావాలో వెనక్కి లెక్కేస్తే 3 టార్‌కి 0.003, 1 టార్‌కి 0.005, 0.3 టార్‌కి 0.007 వచ్చింది. వరసగా పెరుగుతోంది! ఫీల్డ్‌ని పీడనంతో భాగిస్తే వచ్చే అంకె పెరిగినకొద్దీ గామా పెరుగుతోంది. గామా స్థిరాంకం కాదని పుస్తకాల్లో ఉంది, మా డేటాలోనూ అదే ఉంది. మేం దాచిన రెండు పాయింట్లలోనే అసలు విషయం ఉంది.

వాడికి ముందే చెప్పి, మేడమ్ దగ్గరికి వెళ్ళా. మేడమ్ మొత్తం విన్నారు. కోప్పడలేదు. "రిపోర్టులో నాలుగు రీడింగులూ పెట్టండి, గామా ఎలా వచ్చిందో రాయండి. రివ్యూ మార్కులు మళ్ళీ వేస్తాను" అన్నారు. పదహారు వేశారు. ఇద్దరికీ. ఆ తర్వాత వారం రోజులు వాడు మెస్‌లో వేరే టేబుల్ దగ్గర కూర్చున్నాడు.

రిపోర్టులో మొదటి గ్రాఫ్ ఇప్పుడు ఇలా ఉంటుంది. గామా 0.003 నుంచి 0.01 దాకా మారితే మోడల్ ఎంత పట్టీ మేర ఊగుతుందో అంత మేర బూడిద రంగు. దాని మీద మా నాలుగు చుక్కలు, రుద్దక ముందువి మూడు, రుద్దాక ఒకటి. చూడ్డానికి మునుపటి స్లైడంత బాగుండదు. మీరు ఇలాంటిది చేస్తే నా సలహా, ముందు గామాని ముట్టుకోకుండా ఆల్ఫాని విడిగా సరిచూసుకోండి. దానికి బోల్సిగ్ ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, హాగెలార్, పిచ్‌ఫోర్డ్ 2005లో దాని గురించి రాశారు. ఆల్ఫా కలిసిందంటే గాలి సరిగ్గా ఉన్నట్టు. అప్పుడు మిగిలే తేడా పలకది. రెండూ ఒకేసారి తిప్పితే ఏది ఎవరి తప్పో ఎప్పటికీ తేలదు. 3 టార్ పైన చేస్తే ఆక్సిజన్ నెగెటివ్ అయాన్లని కూడా పెట్టాలి, మా కోడ్‌లో ఆ భాగం ఇంకా సగమే అయింది.

నిన్న రాత్రి కోడ్‌ని జూనియర్ల కోసం ఫోల్డర్లో పెట్టేముందు గామా ఉన్న లైను పక్కన ఒక కామెంట్ రాశా, "ఇది కొలిచింది కాదు, కుదిర్చింది" అని. పొద్దున చూస్తే దాని కింద ఇంకో లైను ఉంది, వాడు రాసింది. "పలక రుద్దిన తేదీ కూడా రాయి."